డోర్ లాక్

బర్కత్‌పురల జిరాక్స్ షాపు పక్క మెట్లెక్కితే
రెండో అంతస్తు.
చెప్పులు బయట ఇడవాలె.
షూ విప్పినంక సాక్సుకు బొటనవేలు కాడ చిల్లు.
లోపల ఏమడుగుతరో అన్న భయం కన్నా
ఆ చిల్లే ఎక్కువ సతాయించింది నన్ను.

పందొమ్మిదేండ్లు కరెంటు మీటర్లు చదివిన.
నల్లకుంట, విద్యానగర్, అడిక్‌మెట్ గల్లీలన్నీ
గోడల మీది అంకెలుగనే తెలుసు నాకు.
ఏ ఇంట్ల కుక్క ఊకెనే మొరుగుతదో
ఏ ఇంట్ల మొరగకుండ కరుస్తదో తెలుసు.
మొన్న ఆషాఢంల
నలభై ఇండ్లకు ఒకటే రీడింగు కొట్టిన.
ఎందుకు కొట్టిన్నో నాకే ఎరుక లేదు.
ఏఈ సారు తిట్టలే. అదే భయమైంది.
చిట్టీ మీద ఈ అడ్రసు రాసిచ్చి
"మైసయ్యా, పోయిరా" అన్నడు
చిన్న పిల్లగాన్ని దుకాణానికి తోలినట్టు.

క్లిప్పు పెట్టిన అట్ట. దారంతో కట్టిన పెన్ను.
"పోయిన పదిహేను దినాల్ల" అని మొదలు.
ఆకలి. ఇష్టమైన పని. నిద్ర.
ఒక్కోదానికి నాలుగు గడులు,
అస్సలు లేదు నుంచి దాదాపు రోజూ దాక.

నిద్ర కాడ చాలసేపు ఆగిన.
రాత్రి రెండింటికి లేచి
మా ఇంటి మీటరు ముంగట నిలబడి
ఎర్ర చుక్క ఎన్నిసార్లు మెరిసిందో లెక్కవెడుతుంటె
దాన్ని మెలకువ కింద రాయాల్నా, డ్యూటీ కిందనా?

ఇష్టమైన పని
ఏందో యాది చేసుకునుడుకే ఐదు నిమిషాలు.
పతంగులు? అది పదో తరగతి కాడనే తెగింది.
బాలమణి తిట్టుకుంట రొట్టెలు చేస్తుంటె
గడపల కూసోని వినుడు.
ఇప్పుడామె తిడుతలేదు.
నన్ను చూసి మెల్లగ మాట్లాడుతది.

ఎనిమిదింటికి టిక్కు పెట్టిన.
తొమ్మిదోదానికి పెట్టలే.

తహసీన్ మేడమ్ వేలితో కూడి
"పదహారు" అంది.
"ఏ శ్లాబుల పడుతది మేడమ్?"
నిజంగనే అడిగిన. ఆమె నవ్వలే.
"శ్లాబు కాదు మైసయ్య గారూ, బిల్లు అసలే కాదు.
ఇవ్వాల్టి రీడింగు. నెలకు మళ్లీ చూద్దాం."

తర్వాత ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టింది.
"ఇది?"

వేరే మాట దొరకలే.
"డోర్ లాక్" అన్న.
తాళమేసిన ఇంటికి గట్లనే కొడుతం మేము,
పోయిన నెలల సగటు తీసి బిల్లేస్తం.
లోపల ఫ్యాను తిరుగుతుందో
నల్లా పొర్లుతుందో ఎవరికెరుక?
మూడేండ్ల సంది ఇంట్ల, ఆఫీసుల, పెండ్లిళ్లల
సగటే చెప్పుకుంట వస్తున్న.
బాగున్న. బాగనే ఉన్న. అంత మంచిదే.

ఆమె పెన్ను కింద పెట్టింది.
"తాళం ఉంటే ఏం చేస్తారు మీరు?"
"మల్ల పోతం. రెండు మూడు సార్లు."
"అయితే నేనూ అడుగుతా. చావాలనిపిస్తుందా?"
గంత సీదగ,
నీళ్లు కావాల్నా అన్నట్టు.
కింద జిరాక్స్ మిషిను
ఒకటే కాయితాన్ని మల్ల మల్ల గుంజుతున్న సప్పుడు.

చెప్పిన.
ఏం చెప్పిన్నో ఇక్కడ రాయ.
గంట దాటింది. బయట ఎవరో రెండుసార్లు దగ్గిండ్రు.
నన్ను అడిగే, నా ముంగటనే బాలమణికి ఫోను చేసింది.
బేస్తారం మల్ల రమ్మంది.

మెట్ల కింద ఏడు మీటర్లు.
చెయ్యి దానంతటదే మిషిను కోసం జేబు దేవులాడింది.
మూడోదానికి సీలు లేదు. చెప్పాలె ఎవరికైన.

గల్లీ మలుపు దాక పోయినంక
నెత్తి మీద ఎండ సుర్రుమంది. హెల్మెట్ పైన్నే మరిచిపోయిన.
మల్ల మెట్లెక్కిన.
తలుపు దగ్గరికేసి ఉంది, గొళ్లెం లేదు.
నేను కూసున్న కుర్చీల కాలేజీ పిల్ల ఒకతె
దారం పెన్ను పండ్ల మధ్య పెట్టుకొని
మూడో ప్రశ్న కాడ ఆగింది.

నిద్ర కాడ తొందరపడకు బిడ్డా అనబోయి
హెల్మెట్ తీసుకొని
ఊకున్న.