దోవ చీటీ

ముందంతా గుర్తొచ్చినట్టే రాసేదాన్ని.
చింతపండు, సబ్బు, మళ్ళీ మిరపకాయలు,
డబ్బా అడుగు గోకినప్పుడు శనగపిండి,
పడుకోబోతూ గుర్తొచ్చి అగరొత్తులు.
నా మతి ఎట్టా తిరిగితే చీటీ అట్టా తిరిగేది.
దాంతోపాటు మాల్యాద్రీ తిరిగేవాడు
కావలి ట్రంకు రోడ్డు మీద కొత్తగా తెరిచిన అద్దాల అంగట్లో,
ఉప్పు కోసం ఒకసారి,
ఉప్పు పక్కనే ఉన్న వంటసోడా కోసం ఇంకోసారి,
ఆ చివర నించి ఈ చివరకి.

శెట్టి కొట్లో ఈ బాధ లేదు.
చీటీ గల్లాపెట్టె మీద పెడితే
సామాను తనే నడిచొచ్చేది.

"పదకొండుకి తెస్తే మెస్సులో పప్పెప్పుడు ఉడికేది?"
అని అరిచి, ఒక మంగళవారం నేనే పోయా.
సంచీ లేదు. పెన్సిలు, పాత క్యాలెండరు కాగితం.
వరస వరసకీ అడుగులు లెక్కపెట్టా.
గుమ్మంలోనే బిస్కెట్లు. అవి మనకొద్దు.
పప్పులు ఎడంచేతి గోడకి;
చౌక రకం ఎప్పుడూ వంగినోళ్ళకే కనపడద్ది.
ఉప్పు అట్టడుగున, ఆఖరి మూల,
అన్నిటినీ ఆశగా చూసుకుంటా పోతే తప్ప అందదు.
ఓహో, దీని కట్టుబడే మనల్ని తిప్పడానికి!

ఆ రాత్రి చీటీ కొత్తగా రాశా,
గుమ్మం కాడ మొదలై గల్లా కాడ ఆగేట్టు.
సంచీ అడుగున కూర్చునేవి ముందు,
గుడ్లు, అప్పడాలు ఆఖర్న.
"కందిపప్పు నాలుగు కిలోలు. ధర మండితే రెండే, తక్కింది పెసర.
అదీ లేకపోతే నిలబడి ఆలోచించబాక, ఫోన్ చెయ్."
ఎర్రగడ్డలని రాసి, కొట్టేసి,
అక్కడి అట్టముక్క మీదున్నట్టు
ఉల్లిపాయలని రాశా.
మా అమ్మ చూస్తే నవ్వేది.

తొమ్మిదింబావుకే వచ్చేశాడు మాల్యాద్రి.
గొప్పగా ఏం చెప్పలా. సైకిలు స్టాండేసి,
"నీలంచొక్కా పిల్ల నీ చీటీ అడిగింది" అన్నాడు.
"ఏ పిల్ల?"
"అంగట్లో పిల్ల. వింజమూరంట. చేరి మూడ్రోజులు.
ఏది యాడుందో తెలీక పొద్దస్తమానం తిట్లు తింటావుంది.
ఫోటో తీసుకోనిచ్చా."
అంగడి మీద పంతానికి రాసింది
అంగడి పిల్లకే పనికొచ్చిందని
తిరగమాత వేస్తా నవ్వుకున్నా. ఆవాలు మాడినయ్.

నెల తిరక్కముందే వరసలన్నీ మార్చేశారు.
శనివారం మాల్యాద్రి తెచ్చిన బిల్లు వెనక
గుండ్రటి అక్షరాలు, నీలం సిరా:

"అక్కా, చింతపండు మూడో వరసకి పోయింది.
ఉప్పు, గోధుమపిండి వెనక.
వంటసోడా ఇంకా నాకూ దొరకలా."