పదమూడో సీసా

గుల్వెన్ ముఖం నాకిప్పుడు కనపడదు.
పచ్చగుడ్డ కింద
ఎడమ డొక్క మాత్రం నాది,
రెండు అరచేతుల మేర.

నాంత్ నగరంలో ఉదయం ఎనిమిదిన్నర.
ఒక ఊపిరితిత్తి అతని కోసం గాలి పీలుస్తోంది,
రెండోదాన్ని మేం కడుగుతున్నాం.
లీటరు ఉప్పునీళ్ళు లోపలికి.
చేతులు దొప్పలు చేసి డొక్క మీద దరువేస్తాను.
ఆనక గొట్టం కిందికి దించుతారు.
వచ్చేది నీళ్ళు కాదు.
చిక్కటి పాలు.

ఆరేళ్ళ కిందట అతని నెత్తుట్లో
తెల్లకణాలు అదుపు తప్పాయి.
రోజుకో మాత్ర. రక్తం మాట విన్నది.
ఊపిరే వినలేదు.
గాలితిత్తుల్ని ఊడ్చే కణాలు కూడా
ఆ జబ్బుకి తోబుట్టువులేనట,
చీపురు పక్కన పెట్టి కూర్చున్నాయి.
లక్షల్లో ఒకరికి, అంది డాక్టర్ రివనన్.
"లాటరీ ఎప్పుడూ తగల్లేదు నాకు," అన్నాడతను,
ఆ ముక్క అనడానికి మూడుసార్లు ఆగి.

స్కాన్ చూపించినప్పుడు,
పగిలిన రాళ్ళు పరిచిన బాటలాంటి ఆ బొమ్మని
చూసి నవ్వాడు.
"ఇవి మా ఉప్పుమళ్ళే కదా!
గెరాండ్‌లో నాన్న నాకిచ్చిన నలభై రెండు.
ఇదిగో గట్టు. ఇదిగో తూము.
ఈ మూల బంకమట్టి ఎప్పుడూ నిలవదు."
తెర మీద వేలితో గీసుకుంటూ పోయాడు.
రివనన్ ఆపలేదు.

ఉప్పు పండించేవాడికి ఉప్పునీళ్ళ వైద్యం.
ఇందులో పరమార్థం వెతక్కండి,
ఇక్కడ అందరికీ ఇవే నీళ్ళు.

మూడో సీసా పాలు.
ఆరోది పలచని మజ్జిగ.
తొమ్మిదికి బియ్యం కడిగిన నీళ్ళు.
నా మణికట్లు లాగుతున్నాయి.
లెక్క రాసే కుర్రాడు ఎలువాన్
సీసాలన్నీ కిటికీ అంచున వరస పెడతాడు,
వద్దన్నా పెడతాడు.

నిన్న రాత్రి గుల్వెన్ అడిగాడు:
"మళ్ళీ నిండుతుందా?"
రక్తం దారికి రాకపోతే, నిండుతుంది.
అబద్ధం నా చేతులకి అలవాటు లేదు.
"ఐతే మా పనిలాంటిదే," అన్నాడు.
"చలికాలం మళ్ళని నీళ్ళ కింద పడుకోబెడతాం,
వసంతంలో బురద ఎత్తిపోస్తాం.
పోయినేడు పన్నెండు మళ్ళు ఎత్తలేక వదిలేశాను.
అప్పుడే తెలియాల్సింది."

పదమూడో సీసా.
ఎలువాన్ దాన్ని వెలుతురుకి ఎత్తాడు.
సీసా వెనక, పార్కింగులో ఒక ఎర్ర వ్యాను.
నంబరు పైకి చదివాడు:
తొమ్మిది, నాలుగు, తర్వాత
ఒకటో ఏడో తెలియడం లేదు.

"ఇంకో లీటరు," అంది రివనన్.

నేను చేతులు మళ్ళీ దొప్పలు చేశాను.