అర మాత్ర

గాలే కోట గోడ నీడలో
నలభై ఏళ్లుగా దారాలతో మాట్లాడుతున్నాను.
దిండు నిండా గుండుసూదులు,
సూదుల చుట్టూ దారాలు,
దారాల కొసల్లో బీరలు కండెలు,
టకటక, టకటక,
రేకుల కప్పు మీద తొలి చినుకుల్లా.

ఆ ఏడు చినుకులు ఆగిపోయాయి.
తెల్లారేసరికి వేళ్లు
పచ్చి అల్లం కొమ్ముల్లా ఉబ్బేవి.
జాకెట్టు గుండీ పెట్టమని
పక్కింటి ఇరంగనిని పిలిచేదాన్ని,
సిగ్గు కూడా కొన్నాళ్లకు వాచి మొద్దుబారింది.

"నీ ఒళ్లే నిన్ను పరాయిదనుకుంటోంది" అంది
కరాపిటియ ఆసుపత్రిలో డాక్టర్ ఫజీనా.
గోటి మీద పట్టేంత తెల్ల మాత్ర ఇచ్చింది.
మూడో రోజున గుప్పిట మూసుకుంది.
మూసిన గుప్పిటను చూసుకుని ఏడ్చాను.

తర్వాత మాత్ర తన బాకీ అడిగింది.
అర్ధరాత్రి మూడింటికి ఆకలి,
కాస్త తగిలితే చాలు, చర్మం మీద నేరేడుపండు మరకలు.
పోయ పున్నమినాడు మా ఆయన అన్నాడు,
"ఇవాళ చంద్రుడు రెండుచోట్ల పొడిచాడు, ఒకటి మనింట్లో."
నవ్వాను.
ఆయన బయటికెళ్లాక అద్దాన్ని గోడవైపు తిప్పాను.

హబరాదువ దారిలో పియసిరి వెదమహత్తయ
నాడి పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు.
నిద్రపోయాడేమో అనుకున్నాను.
తిప్పతీగ, శొంఠి, ఆముదం వేరు.
ఎనిమిది గిన్నెల నీళ్లు ఒక్క గిన్నెకు మరగాలి.
రాత్రి వావిలాకు కాపడం.
ఇల్లంతా చేదు వాసన, పిల్లి కూడా ఇల్లు మారింది.

నెలన్నరకు నొప్పి సగమైంది.
గెలిచింది ఆకే అనుకున్నాను.
తెల్ల మాత్రల అట్టను
ఎవరికీ చెప్పకుండా చెత్తలో వేశాను.

తొమ్మిదో రోజు, మాతర బస్టాండులో,
చేపల బుట్టల మధ్య
కాళ్లు నావి కాకుండా పోయాయి.

వార్డుకు గొడుగుతో వచ్చాడు వెదమహత్తయ.
మెచ్చుకుంటాడనుకుంటే కస్సుమన్నాడు:
"మాత్ర మానమని నేను చెప్పానా?
పొయ్యి తగ్గించాలంటే ఒక్కో కట్టే లాగుతారు.
నీళ్లు కుమ్మరిస్తే పగిలేది కుండే."
వంగినప్పుడు ఆయన జేబులోంచి
బీపీ బిళ్లల అట్ట తొంగి చూసింది.
గబుక్కున లోపలికి తోసుకున్నాడు.

ఫజీనా కసరలేదు. "ఇంకేం తాగుతున్నావు?" అంది.
కషాయం సీసా మూత తీసి వాసన చూసి
ముఖం ముడుచుకుని,
ఒక్కో వేరు పేరూ నాతో చెప్పించుకుని రాసుకుంది.
"నెలనెలా రక్తం పరీక్ష చేద్దాం.
ఏం కలిపారో ఎవరికీ తెలియని
ఈ నల్ల గుళిక మాత్రం వద్దు."
ఆ మాట విని వెదమహత్తయ
రెండు వారాలు నాతో మాట్లాడలేదు.
మూడో వారం గుళిక లేని పొట్లం పంపాడు.

పది. ఏడున్నర. అయిదు.
దిగిన ప్రతి మెట్టు మీదా నెల రోజులు నిలబడ్డాను.
వంటింట్లో ఎనిమిది గిన్నెలు ఒకటవుతూనే ఉన్నాయి.
"ఇంతకీ ఎవరివల్ల తగ్గింది?" అంటుంది ఇరంగని.
రిపోర్టులో అంకె పడిపోయిన మాట నిజం.
కాపడం పెట్టిన రాత్రి నిద్రపట్టిన మాటా నిజం.
నన్నడిగితే నేనేం చెప్పను?
అల్లిన లేసులో ఏ దారం ఎక్కడ మొదలైందో
నేనే వెతుక్కోలేను.

ఇవాళ పొద్దున
కత్తిమొనతో రెండు చేసిన రెండున్నర మాత్ర
సగం జారి దిండు మీద పడింది.
తెల్ల లేసులో తెల్ల ముక్క,
కళ్లజోడు పెట్టుకున్నా కనబడదు.
సూదుల మధ్య వేలితో తడిమాను.
వేలు వంగింది.
దొరికింది.
కషాయం చల్లారకముందే మింగి
కండెలు చేతిలోకి తీసుకున్నాను.