ఏడో బెల్టు దగ్గర

ఐస్‌లాండ్ పడమటి ఒడ్డున, ఈ చేపల ఫ్యాక్టరీలో
మాకందరికీ కలిపి రెండొందల ఇంగ్లీషు మాటలున్నాయి.
కత్తి, మంచు, పెట్టె, జారుతుంది, తొందరగా, మళ్ళీ,
జీతం, రేపు.
"నిన్న" ఎప్పుడూ అవసరపడలేదు.

క్రియలకి భూతకాలం తీసేశాం,
కాడ్ చేప నడుంలోంచి ముల్లు లాగినట్టు.
చేప ఎవరి సముద్రానిదైనా
శుభ్రం చేసింది మాత్రం మేమే.

బొజేనా దాన్ని పోలిష్ నడక నడిపిస్తుంది.
ప్రానీ నోట్లో ప్రతి మాటా చివరి అక్షరం పారేసుకుంటుంది.
నేను లిథువేనియా నుంచి తెచ్చుకున్న సాగదీతలు కలుపుతాను.
ఎవరూ ఎవర్నీ దిద్దరు.

ఒకసారి మెషీన్ బాగుచేయడానికి
ఇంగ్లండ్ నుంచి మెకానిక్ వచ్చాడు, డెస్మండ్ అని.
గబగబా ఏదో చెప్పి తనే నవ్వాడు.
అందరం తలూపాం.
అతని ఇంగ్లీషుని మా ఇంగ్లీషులోకి
బొజేనా తర్జుమా చెయ్యాల్సొచ్చింది.
ఆ హాల్లో ఆ పూట
భాష రానివాడు అతనొక్కడే.

టీ బల్ల దగ్గర హాల్‌గ్రీముర్, మా ఫోర్‌మన్, అంటాడు:
"మా తాతల నాడు పెద్దిళ్ళవాళ్ళు
ఆదివారం పూట డేనిష్ మాట్లాడేవాళ్ళట. పోయింది.
ఇదీ పోతుందనుకున్నా.
కానీ నా మనవరాలు కలవరింతల్లో ఇంగ్లీషు మాట్లాడుతోంది.
డేనిష్ ఎప్పుడూ నిద్రలోకి రాలేదు."

మా అమ్మ బడిలో రష్యన్ వల్లెవేసింది.
బోర్డులు మారిన ఏడాది దాన్ని అటకెక్కించింది.
ఇప్పటికీ చిల్లర లెక్క తప్పితే
అందులోనే తిట్టుకుంటుంది,
తిట్లకి నిచ్చెన అక్కర్లేదు కదా.

మరి ఇది ఉండాలా, పోవాలా?
రొట్టెకి వెన్న రాస్తూ లిగాయా తేల్చేసింది:
"ఉండనీ. నా అప్పు తీరేదాకా.
ఆ తర్వాత మీ ఇష్టం."

నవంబరులో, మధ్యాహ్నమే చీకటి పడ్డ రోజు,
ప్రానీ గ్లవ్ బెల్టుకి చిక్కింది.
మొదటి కేక ఆమె ఇంటి భాషలో.
హాలంతా తలెత్తింది,
పన్నెండు బెల్టుల్లో ఏదో అంతుపట్టలేదు.
రెండో కేక:
"సెవెన్!"
ఎర్ర బటన్ మీద పడ్డది నా చెయ్యే.
నాలుగు వేళ్ళూ దక్కాయి, బొటనవేలి గోరు తప్ప.

అందుకే ఈ భాషని ఎవరైనా తిడుతుంటే
నేను లేచి కెటిల్ దగ్గరికి పోతాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది,
నొప్పి ఎంత, ఒకటి నుంచి పది దాకా?
"ఆరు" అంది ప్రానీ.
ఆవిడ ఆరు అని రాసుకుంది.
పోటా, మంటా, సలుపా,
ఎముకలోంచి జివ్వున లాగే తీపా,
ఆరుకి ఏం తెలుసు?

ఆ రాత్రి మా గదిలో, హీటర్ చుట్టూ కూర్చుని
అసలెలా ఉందో చెప్పమన్నాం.
కళ్ళు మూసుకుని ఒక్క మాట అంది.
థాయ్ కూడా కాదట, ఇసాన్‌లో వాళ్ళమ్మ అనే మాట.
మూరెడు పొడుగు లేదు,
కానీ మధ్యలో ఎక్కడో కిందికి దిగి
మళ్ళీ పైకి లేచింది, కుంటుతున్నట్టు.

మేం ముగ్గురం పలికి చూశాం.
బొజేనా దిగాల్సిన చోట ఎక్కింది.
స్వరం తప్పితే అర్థం మారుతుందట,
ప్రానీ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని
కన్నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

ఇంతకీ ఏమన్నామే మేము, అంటే
చేత్తో గాల్లో ఏదో గీసి, చెరిపేసి,
తల అడ్డంగా ఊపింది.

మా రెండొందల్లో ఆ మాట లేదు.