గూడు కట్టినోని మాట

జుబైర్ తొవ్వల, ఉప్పు మడుగులు దాటినంక
ఎనిమిది గూళ్ళు కట్టినం విమానాలకు.
గోడ మందం నేను రెండు చేతులు చాపినంత,
తలుపు నాలుగు లారీల బరువు.
కోరుట్ల మేస్త్రీని. మూడు దేశాల సిమెంటు నా గోళ్ళల్ల ఉన్నది.
ఇంత గట్టి ఇల్లు మనిషికి ఎన్నడూ కట్టలే.

యుద్ధం మొదలైన రాత్రి
ఇగ లేస్తయి, ఇగ లేస్తయి అని
క్యాంపు మిద్దెక్కి చూసినం.
మొగులు నిండ చప్పుడే.
అండ్ల ఒక్కటి గూడ మనది కాదు.
మనది అన్న సూడు, ఉప్పు తిన్న నోరు, అట్లనే వస్తది.

తెల్లారి చాయ్ కాడ మెకానిక్ ముహన్నద్‌ను అడిగిన:
గంత పెట్టి కొన్నరు, దినాం నూనె గుడ్డతోటి తుడుస్తరు,
ఎందుకు ఎగరయి?
ఆయన గ్లాసుల చక్కెర కలుపుతనే ఉన్నడు.
"ఈడ చక్రం కదిలితే ఆడ వాళ్ళ తెర మీద చుక్క పడుతది.
మా పిల్లగాడు బెల్టు పెట్టుకునేలోపల
వాని సావు లెక్క రాసి ఉంటది.
వాళ్ళకు మావోడు కనపడుతడు, మావోనికి వాళ్ళు కనపడరు.
గంతే తేడా. దానికి ధైర్యం ఏం జేస్తది?"

ఇంకోటి చెప్పిండు, గొంతు తగ్గించి.
టైర్లు పరాయి దేశంకెళ్ళి రావాలె. రావు.
పెద్దసారుకేమో
పైకి లేచినోడు ఏ దిక్కు తిరుగుతడో అని గుబులు,
సరిహద్దు దిక్కో, సారు మేడ దిక్కో.
అందుకే ట్యాంకుల సగమే పోస్తరట.

నాకు సమజైంది. ఎట్లనంటే
నా ప్యాంటు పట్టీల కుట్టిన నూరు డాలర్ల నోటు ఒకటున్నది.
మూడు నెలలు జీతం రాకుంటే
ఖుబ్బూస్ నీళ్ళల్ల అద్దుకొని తిన్న, నోటు తియ్యలే.
తీస్తే అది బియ్యమైతది, ఎనిమిది దినాలైతది.
తియ్యకుంటే నూరు డాలర్లు.
పండుకునేముందు ఒకసారి తడిమి చూసుకుంటే
నేను ఒట్టి చేతులోన్ని కాదు.
లేనోని బలం
వాడనంత సేపే.

నాలుగో రాత్రి నా స్లాబుకు బొక్క పడ్డది.
మనిషి దూరేంత. లోపల అంతా కరిగిపోయింది.
ఇద్దరు పోయిండ్రు, తలుపు నూకేటోళ్ళు.
నా పని మీద నాకు సిగ్గైంది.
మనుషులు సచ్చిన కాడ స్లాబుకు సిగ్గువడుడేంది అని
మళ్ళ సిగ్గైంది.

గద్ద తిరుగుతుంటే పిల్లలను గంప కింద మూస్తం,
గంపకే నిప్పంటుకుంటే?
మిగిలినయి బయటికి గుంజినం.
రెండు ఖర్జూరం తోటల్ల, ఒకటి బడి గోడ పక్కన
పిల్లలు లేని బడి అది.
ఒకటి ఇసుకల పూడ్చినం. పారలు మాకిచ్చిండ్రు,
కట్టినోళ్ళే కప్పాలె మరి.

పైలట్ సర్మద్. ఇరవై నాలుగేండ్లుంటయేమో.
నిచ్చెన ఎక్కి అద్దం మీద తన దుప్పటి పరిచిండు,
అంచులు లోపలికి దోపిండు
జరమొచ్చిన పిల్లకు దోపినట్టు.
"నెమ్మదిగ పొయ్యిండ్రి," అన్నడు, "కండ్లల్ల ఇసుక పడుతది."
మొత్తం యుద్ధంల ఆయన ఆ నిచ్చెన ఎక్కింది
గా ఒక్కసారే.

ఎర్ర రిబ్బన్లు వేలాడుతుండె చక్రాల కాడ, రెక్క కింద.
ఎగిరేముందు తియ్యాలె అని రాసి ఉన్నదట, ముహన్నద్ చదివిండు.
ఎవ్వరు తియ్యలే.
ఒకటి తెగి నా పార మీద పడితే జేబుల పెట్టుకున్న.

నోటు అమ్మాన్‌ల తీసిన.
ఎనిమిది దినాలనుకున్న, ఆరే వచ్చింది.

ఆ ఇసుకల ఉన్నదాన్ని మళ్ళ తవ్వి తీసిండ్రో లేదో,
సర్మద్ ఉన్నడో లేడో, నాకు తెల్వదు.
రిబ్బను నా తూకం గుండుకు కట్టి ఉన్నది.
గోడ నిలువు చూసేటప్పుడు గాలికి కొట్టుకుంటది,
చేత్తోటి పట్టి ఆపుత.
అది ఆగితెనే గోడ.