కాకిబంగారం

మా అవ్వ మస్తానమ్మ బొటనవేలికి గీతలుండేవి కావు.
పదకొండో ఏట నుంచీ
సైదాపురం షెడ్డులో గొంతుక్కూచుని
పలకను చాకుతో పొరలు పొరలుగా విప్పిన వేలది,
ఉల్లిపొర కంటే పల్చన, ఊపిరి తగిలితే లేచిపోయేట్టు.
దొరలు దాన్ని మైకా అన్నారు.
బడి అయ్యవారు అభ్రకమన్నాడు, అభ్రమంటే మబ్బని కూడా చెప్పాడు.
మావాళ్లకది కాకిబంగారం.
రోజుకు మూడణాలు.

ఆ ఏడు చిత్తకార్తె చివర్లో
కండలేరు వైపు నుంచి మబ్బు లేచింది.
శుక్రవారం విమానం అప్పటికే వినపడుతోంది,
టపా సంచుల్నీ, మద్రాసులో ఎక్కిన పదిమందినీ మోసుకుంటూ.
గడియారం చెడిపోయినప్పటి నుంచి
శుక్రవారాలు ఆ మోత వినే మేస్త్రి షెడ్డు మూసేవాడు.

"మెరుపు దాని మీద పడలేదు అబ్బయ్యా.
ముక్కులో దూరి తోకలోంచి పొయింది,
సూదిలోంచి దారం పొయినట్టు.
ఉరిమింది. ఉరుము ఆగినాక చూస్తే
విమానం మోత లేదు.
అర్జునా అన్నాను.
ఫల్గుణా అనేలోపల పడింది."

పడింది తుక్కుదిబ్బ మీద.
పనికిరాదని గనోళ్లు పారబోసిన
ఇరవయ్యేళ్ల కాకిబంగారం.
లాంతర్లెత్తగానే గుట్టంతా మెరిసింది.
ఏది అద్దం ముక్క, ఏది అభ్రకం,
ఏది కళ్లజోడు, ఏది ఉత్త వాన,
తెలీక వంగి వంగి తడిమారు.
నీళ్లు తోడే పోలయ్య, ఎవరన్నా ఉన్నారా అని అరిచాడు.
గనిగుంటలు అదే మాట తిరిగి అడిగాయి.

మూత ఊడని టిఫిను క్యారియరు దొరికింది,
చెయ్యి పెడితే చిత్రాన్నం ఇంకా వెచ్చన.
పిల్లాడి ఎడమకాలి బూటు, ముడి వేసింది వేసినట్టే.
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం చదివే పెదనాగయ్య
ఆ రాత్రి అదీ మరిచిపోయి
బూటు పట్టుకుని నిలబడ్డాడు.

తొమ్మిదో రోజు ఇంజనీరు వచ్చాడు,
జలుబుతో, ముక్కు తుడుచుకుంటూ.
ఇంజను లోపల్నుంచి వేలంత గొట్టం పీకి విప్పాడు.
చుట్టచుట్టిన పొరలు, మసిబారి, చెక్కుచెదరకుండా.
"ఇది మీ పక్కదేనమ్మా, సీమకు పోయి తిరిగొచ్చింది.
నిప్పును దాని దారిలో ఉంచేది ఇదే."
మంచికే చెప్పాడు.
అవ్వ మంచికి తీసుకోలేదు.
ఆనాటి నుంచి ప్రతి పొరా రెండుసార్లు వెలుతురుకెత్తేది,
తూకం తగ్గి, కూలి రెండణాలకు దిగినా.
"పైనుంచి వచ్చేదాన్ని ఆపేది మనమా?" అన్నాడు మేస్త్రి.
"మరి ఎవురు?" అంది.

ఆమె చూసింది ఇంగ్లీషులో రాసుకున్నారు.
సూదీ దారం దగ్గర గుమస్తా కలం ఆగింది,
ఆ ముక్క వదిలేశాడు.
వేలు నొక్కమన్నాడు. గీతలు రాలేదు.
మూడుసార్లు నొక్కించాడు,
మూడుసార్లూ నున్నటి నల్లటి మచ్చ.
ఇది పనికిరాదని గొణిగి, అట్లాగే ఫైలు కట్టాడు.

ఏ కచేరీ బీరువాలో ఉందో, చెదలు తిన్నాయో,
నేను వెతకలేదు.
మీకెప్పుడన్నా దొరికితే
పేరు చదవొద్దు, తప్పు రాసుంటారు.
కాయితాన్ని దీపం ముందు
కొంచెం ఏటవాలుగా పట్టండి.