లకుముకి పిట్టల జట్టు

నిన్న కూడా ఓడిపోయాం.
ఓడిపోయారు అనాలట, మా ఆయన దిద్దుతాడు,
బంతి జారవిడిచింది నువ్వా అని.
ఇరవై రెండేళ్లుగా
ఈ క్రియాపదం దగ్గరే మా కాపురంలో తగువు.

ఒహాయో నది ఒంపు తిరిగే చోట
మూతబడ్డ గాజు ఫ్యాక్టరీ వెనక మా మైదానం.
స్కోరుబోర్డుకి ఇప్పటికీ చేత్తోనే రేకులు తగిలిస్తారు.
సున్నా రేకులు రంగు వెలిసి తుప్పు పట్టాయి.
తొమ్మిది రేకు మాత్రం
నిన్ననే కొట్లోంచి తెచ్చినట్టు నిగనిగలాడుతుంది.

మా టోపీ మీద లకుముకి పిట్ట.
నా టోపీలో దాని ముక్కు ఊడిపోయింది.
దారం ఎక్కించి కుట్టుకోవచ్చు గానీ
ముక్కులేని పిట్టే మాకు తగినదని ఊరుకున్నాను.

పక్క కుర్చీ ఒడెస్సా టిబ్స్‌ది.
ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచి మడిచి
వేళ్లు వంకర్లు పోయినా
ప్రతి బంతినీ పెన్సిల్‌తో రాస్తుంది.
ఎవరు చదువుతారే అంటే
"ఓడినవాళ్ల లెక్క ఓడినవాళ్లే రాసుకోవాలి,
గెలిచినవాళ్లకి తీరికుండదు" అంది.

ఈ ఏడు మా వెనక గదిలో దిగినవాడు
షార్ట్‌స్టాప్ కుర్రాడు ఎసెకియెల్.
జీతం చాలని ఆటగాళ్లకి
ఊరివాళ్లే తలా ఒక గది ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ.
పందొమ్మిదేళ్లు. డొమినికన్ వైపు సముద్రపు ఒడ్డు ఊరు.
నదిని చూసి, ఉప్పు వేయడం మరిచారేం అన్నాడు.

మే నెలలో ఒకే రాత్రి మూడు బంతులు వదిలేశాడు.
మూడోది వాడి కాళ్ల సందులోంచి
దొంగపిల్లిలా జారిపోయింది.
అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.
ఏమని అరిచానో ఇక్కడ రాయను.

తెల్లారి వాడికి గుడ్లు వేయించాలి.
పెనం ముందు నేను, బల్ల ముందు వాడు,
మధ్యలో మూడు బంతులు దొర్లుతున్నాయి.
ఉప్పు అందించాను.
"మీ గొంతు గుర్తుపట్టాను" అన్నాడు.
ఇంకో గుడ్డు వేశాను.

ఆ రోజు నుంచీ సాయంత్రం పూట
మా గ్యారేజీ తలుపుకేసి బంతి విసరడం,
తిరిగొచ్చింది పట్టడం.
వంద. రెండు వందలు.
తలుపంతా సొట్టలు పడుతుంటే
మా ఆయన ఎందుకో నోరెత్తలేదు.
నేను లోపల చిక్కుడుకాయలు తుంచుతూ
ధబ్ ధబ్ లెక్కపెట్టేదాన్ని.
చప్పుడు తప్పితే నా చేయి ఆగిపోయేది.

జులై కల్లా వాడి చేతుల్లోంచి
నీళ్లు కూడా జారేవి కావు.
వరసగా నాలుగు ఆటలు గెలిచాం.
తొమ్మిది రేకు బయటికొచ్చిన రాత్రి
ఒడెస్సా పెన్సిల్ ముల్లు విరిగింది.

అప్పుడే తెలిసుండాల్సింది నాకు.
మా జట్టు పెద్ద జట్టుకి నారుమడి.
ఎదిగిన మొక్కని పీక్కెళ్లి ఎక్కడో నాటుకుంటారు.
బాగా ఆడేవాడు మావాడు కాడు,
మావాడైనవాడు బాగా ఆడడు.
ఇన్నేళ్లూ తెలిసిన లెక్కే,
అయినా ఆ ధబ్ ధబ్‌కి మురిసిపోయాను.

అర్ధరాత్రి ఫోను. తెల్లారేసరికి బస్సు.
గది ఊడ్చి, దుప్పటి మడిచి మరీ వెళ్లాడు.
మంచం కింద ఒక మేజోడు,
గది నిండా గ్లవ్‌కి రాసే నూనె వాసన.

నిన్నటి ఆట పదకొండు, సున్నా.
వాడి చోట కొత్త కుర్రాడు, చెవులు మాత్రమే కనిపించే మనిషి.
బంతి తన వైపే దొర్లుతూ వస్తుంటే
మూడు వందల మందిమి ఊపిరి బిగబట్టాం.
వదిలేశాడు.
నేను నోరు తెరిచాను.
ఒడెస్సా పెన్సిల్ గాల్లో ఆపి నా వైపు చూసింది.
"వీడికి గది దొరికిందో లేదో కనుక్కో" అన్నాను.

ఇంటికొచ్చి, ఓడిపోయాం అన్నాను.
మా ఆయన దిద్దలేదు.
గ్యారేజీ తలుపుకని తెచ్చిన రంగు డబ్బా
మూత తీయకుండానే
మళ్లీ అల్మరా మీద పెట్టేశాడు.